పదమూడో అట్టముక్క

1966 జూన్ 12, ఆదివారం, మధ్యాహ్నం మూడుంబావు. గడియారం చూసి రాసుకున్న సమయమే ఇది. దయ్యాల మాట ఎవరెత్తినా నవ్వేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా తప్పుపట్టను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ముత్తుకూరు దగ్గర లెక్కల టీచర్ని. మద్రాసులో ఒక కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. నేను పంపే ప్రోగ్రాం మొదటిసారికే సరిగ్గా నడిస్తే శిక్షణలో సీటు నాదేనని అక్కడి ప్రొఫెసరు గారు ఉత్తరం రాశారు. రెండో అవకాశం లేదు. కాగితాలు సోమవారం పొద్దుటి టపాలో పడాలి.

లెక్క రెండు సంఖ్యలను కూడటమే. కానీ యంత్రంలో ఒక్కో అంకె ఒక్కో గదిలో ఉంటుంది. తర్వాతి అంకె ఏ గదిలో ఉందో ఆ నంబరు కూడా అక్కడే ఉంటుంది. ఒకట్ల స్థానం ముందు. గొలుసు అయిపోయిన చోట సున్నా.

సరిచూడడానికి మూడు పాత శుభలేఖలను నాలుగేసి ముక్కలు చేసి, నంబర్లు వేసి వసారాలో పరిచాను. 7856కి నాలుగు, 4398కి నాలుగు, జవాబుకు నాలుగు. నా ప్రోగ్రాం చెప్పినట్టే ఒక్కో అంకె నింపుకుంటూ వెళ్లి, పన్నెండో ముక్కలో సున్నా వేసి లేచాను. అంతలో సముద్రపు గాలి ఒక్క విసురు విసిరింది. ముక్కలన్నీ చెల్లాచెదురు.

మా వదిన పకపకా నవ్వింది. "పేకముక్కలన్నా కాకపోయెనే, ఏరుకోని ఒక ఆటేసుండొచ్చు!"

"వరస పోయినా ఏం కాదు వదినా. ఒకదాంట్లో ఇంకోదాని నంబరుంది. తొమ్మిదో ముక్క నించి చదువు."

"నాలుగు. పది చూడమనింది. ఐదు. పదకొండు. రెండు. పన్నెండు. మళ్లా రెండు. పదమూడు చూడమనింది."

"పదమూడు లేదు. అక్కడ సున్నా ఉండాల."

"నాకు చదువు రాదనుకున్నావామే? సున్నా కొట్టేసి పదమూడు రాసుండావే! ఇదిగో పదమూడు. దీంట్లో అంకె లేదు, 'లా' అని ఉండాది."

నా తప్పు అప్పుడు తెలిసింది. జవాబు 12254. నా ప్రోగ్రాం 2254 దగ్గరే ఆగిపోతోంది! చివర మిగిలే ఒకటికి నేను గదే ఇవ్వలేదు. ఉన్నపళాన కూర్చుని ప్రోగ్రాంలో రెండు వరుసలు చేర్చాను.

ఆ తర్వాతే ఆ అక్షరం వైపు సరిగ్గా చూశాను. కళ్లంలో వడ్లు కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. మా నాన్న రాతలో కూడా ఒకటి బదులు 'లా' అనే వేసేవారు, ఊదారంగు పెన్సిలుతో. ఇదీ ఊదారంగే. ఆయన పోయి అప్పటికి పదిహేను నెలలు. ఇంట్లో ఊదా పెన్సిలు లేదు. వదినా నేనూ తప్ప ఇంకో మనిషి లేరు.

ముక్కలు అతికించి చూశాను. పన్నెండూ మూడు శుభలేఖల్లో సరిపోయాయి. పదమూడోది దేంట్లోనూ ఇమడలేదు.

జూలై 4న మద్రాసు నుంచి జవాబు వచ్చింది. ఒక్క తప్పూ లేదు. సీటు నాదే! వదినా నేనూ పెరట్లో గంతులేశాం.

ఆ ముక్క ఎక్కడిదో ఇన్నేళ్లలో తేల్చలేకపోయాను. ఆ తర్వాత ఒక తుఫానుకు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. పోయినవి: రేకు పెట్టె ఒకటి, ప్రోగ్రాం చిత్తు కాగితాలు ఆరు, మద్రాసు ఉత్తరాలు రెండు, అట్టముక్కలు పదమూడు.