కంచె మీద ఆదివారపు బొంతలు

నా చిన్నప్పుడు కొన్నాళ్ళు మా ఇంట్లో అందరూ అరిచి మాట్లాడేవాళ్ళు. పోట్లాటలు కావు. మా తాతయ్యకు చెవులు పోయాయని అలా అరిచేవాళ్ళు. మా తాతయ్య చెవులకు ఏమీ కాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వూ వస్తుంది గానీ ముందు మంటే వస్తుంది.

మాది కోట అనే ఊరి దగ్గర, సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. ఇల్లు దాటితే సరుగుడు తోట, తోట దాటితే ఇసక, ఇసక దాటితే నీళ్ళు. యాభైల చివరి మాట ఇది, అప్పటికి మా ఊరికి కరెంటు రాలేదు. తాతయ్య రైల్వేలో తంతి పని చేసి రిటైరై మా దగ్గరికి వచ్చేశాడు. వస్తూ ఒక ట్రంకు పెట్టె, ఒక బైబిలు, తన చేత్తో తయారు చేసుకున్న ఒక రేడియో తెచ్చుకున్నాడు. పాటలు వినే రేడియో కాదది. మూత లేని డబ్బా, లోపల వాల్వులు, వెనక బ్యాటరీలు, చెవులకు తగిలించుకోవడానికి హెడ్‌ఫోన్లు.

ఆయనతో పాటు పనిచేసిన స్నేహితుడొకాయన బెంగుళూరులో స్థిరపడి, సర్కారు లైసెన్సు తీసుకుని, సరదా కోసం వైర్‌లెస్ నడిపేవాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆయన తనలాంటి సరదా ఉన్నవాళ్ళతో చుక్కలూ గీతల భాషలో మాట్లాడుతుంటే మా తాతయ్య ఇక్కడ కూర్చుని వినేవాడు. తిరిగి జవాబు చెప్పే యంత్రం ఆయన దగ్గర లేదు. వినడం ఒక్కటే.

వాళ్ళేం మాట్లాడుకుంటారు తాతయ్యా అని ఒకసారి అడిగాను. ఎండా వానా, తీగలూ వాల్వులూ, అంతకు మించి ఏమీ ఉండదన్నాడు. మరెందుకు వింటావంటే, "అది వాడి చెయ్యి పాపా" అన్నాడు. మీట నొక్కడంలో మనిషికో తీరు ఉంటుందట. ఒకడు గీతను సాగదీస్తాడు, ఒకడు చుక్కల్ని తరుముతాడు. గొంతు వినగానే మనిషిని పోల్చుకున్నట్టు, తంతి మనుషులు చేతిని పోల్చుకుంటారు. ఆ స్నేహితుడు ఒక స్టేషన్లో, తాతయ్య ఇంకో స్టేషన్లో కూర్చుని ఏళ్ళ తరబడి ఒకరి చెయ్యి ఒకరు విన్నారు. వాడి చెయ్యి వింటే వాడు కులాసాగా ఉన్నాడో లేదో తెలిసిపోతుందని చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మోకాలి మీద వేలితో చుక్కలూ గీతలూ కొడుతూ ఉండేవాడు. నా పేరు అలాగే నేర్చుకున్నాను, పలకా బలపం లేకుండా.

ఇక కంచె సంగతి. మేకలు సరుగుడు మొక్కల్ని కొరికేస్తున్నాయని మా నాయన తోట చుట్టూ ఇనప తీగతో కంచె వేశాడు. ముక్కలు ముక్కలుగా దొరికిన తీగను మెలిపెట్టి అతికించి, గుంజలకు వరసలుగా లాగి కట్టాడు. ఆ కంచె అంటే ఆయనకు మహా గొప్ప. చుట్టాలొస్తే కాఫీకన్నా ముందు కంచె చూపించేవాడు. తాతయ్య రేడియోకు ఏరియల్ తీగ కట్టాలన్నప్పుడు, మళ్ళీ వేరే గుంజలు పాతడం ఎందుకు, కంచె గుంజలు ఉన్నాయి కదా, వాటికే కట్టుకోమన్నాడు. తాతయ్య సరేనన్నాడు. కంచె పై వరసకు జానెడు ఎత్తున, దాని వెంటే ఏరియల్ సాగింది. కంచె కొత్తగా ఉన్నంతకాలం బాగానే వినపడింది.

సముద్రపు గాలికి ఇనుము ఎన్నాళ్ళు కొత్తగా ఉంటుంది? ఏడాది తిరిగేసరికి తీగ ఎర్రబడింది. ఆ వేసవిలోనే తాతయ్య రేడియోలో చిటపటలు మొదలయ్యాయి. మధ్యాహ్నం తూర్పు గాలి లేచేసరికి హెడ్‌ఫోన్లలో ఎండుటాకుల మీద నడిచినట్టు ఒకటే గోల. ఆ గోల అడుగున ఎక్కడో బెంగుళూరు ఆయన చెయ్యి. చుక్క వినపడితే గీత వినపడదు. తాతయ్య వాల్వులు మార్చాడు, బ్యాటరీలు మార్చాడు, డబ్బా మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. ఉదయం గాలి లేనప్పుడు పెట్టి చూస్తే డబ్బా లక్షణంగా ఉంది. ఆదివారం మధ్యాహ్నం అయ్యేసరికి మళ్ళీ అదే వరస.

డబ్బాలో లోపం లేదు కాబట్టి లోపం తనలోనే అనుకున్నాడు. తంతి మనుషులకు ఆ భయం ఉంటుందట. ఆయనకు పని నేర్పిన పెద్దాయనకు అలాగే జరిగింది. ముందు సన్నని కూతలు పోయాయి, తరవాత మాటలు, ఆ తరవాత ఆ పెద్దాయన మనుషుల మధ్య కూర్చోవడమే మానేశాడు. నా వంతు వచ్చిందని తాతయ్య ఒకరోజు అన్నం దగ్గర అనేశాడు. అంతే, ఆ పూట నుంచి మా ఇంటికి పిచ్చి పట్టింది.

మా నాయన "నాయనా, మజ్జిగ పోసుకుంటావా" అని ఊరంతా వినేట్టు అరిచేవాడు. అమ్మ చేతులు తిప్పి సైగలు చేసేది. వీధిలో పోయేవాళ్ళు గుమ్మంలో ఆగి గొంతు చించుకుని యోగక్షేమాలు అడిగేవాళ్ళు. కాంపౌండరు వచ్చి చెవిలో వెచ్చటి నూనె పోసి, వయసు అన్నాడు. పరధ్యానంలో తాతయ్య ఒక్కసారి "ఆఁ?" అంటే చాలు, చూశారా చూశారా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. అంతమందిలో ఒక్కళ్ళైనా ఆయన పక్కన కూర్చుని మెల్లిగా ఒక మాట చెప్పి చూడలేదు. చెబితే వినేవాడు కదా. నేను గొణిగినా ఆయనకు వినపడుతుందని అమ్మతో చెప్పాను. నీకేం తెలుసు పోవే అంది. నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో నా మాట వినడానికి చెవులున్న వాళ్ళెవరు?

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది గుడి విషయం. గుడి అంటే మా ఊరి చర్చి. అందులో హార్మోనియం లేదు. పాట ఎత్తుకునేది మా తాతయ్యే. ఆయన మొదటి చరణం అందుకుంటే ఆ శ్రుతి పట్టుకుని అందరూ కలిసేవాళ్ళు. చెవులు పోయినవాడు శ్రుతి తప్పితే దేవుడి ముందు నగుబాటు అని ఆయనంతట ఆయనే మానుకుని వెనక వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన లేకుండా మా వాళ్ళు ఎత్తుకున్న పాట పెరట్లో కోళ్ళు కలబడ్డట్టు ఉండేది. తాతయ్య తల వంచుకుని పెదవులు కూడా కదపకుండా కూర్చునేవాడు. ఇంటికి వచ్చాక నా మోకాలి మీద చుక్కలు కొట్టడం కూడా మానేశాడు. ఇక ఆ డబ్బాను ట్రంకు పెట్టెలో పెట్టేస్తానని, ఈ ఒక్క ఆదివారం చూస్తానని చెప్పాడు.

ఆ ఆదివారం ముందు రాత్రి వాన కురిసింది. మా ఇంటి కప్పు కారి పక్కబట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆదివారం మా ఇంట్లో పొయ్యి వెలిగించడం తప్ప మరో పని ముట్టుకునేవాళ్ళు కారు, బట్టలు ఆరెయ్యడం అసలే లేదు. అది తాతయ్య పెట్టిన నియమం. కానీ రాత్రికి పడుకోవాలి కదా. గుడి నుంచి వచ్చాక, తాతయ్య డబ్బా ముందు కూర్చున్నాడని చూసుకుని, అమ్మ నీళ్ళోడుతున్న బొంతలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి కంచె మీద వేసింది. పాత చీరలు మడతలు పెట్టి కుట్టిన బొంతలు, ఒక్కొక్కటి తడిస్తే పిల్లంత బరువు. ఆ బరువుకు కంచె తీగలు వంగి బిగుసుకున్నాయి.

నేను తాతయ్య పక్కన కూర్చుని ఆయన మొహమే చూస్తున్నాను. మెల్లగా నొసటి మీద ముడతలు విడిపోయాయి. వేలు లేచి బల్ల మీద ఆడడం మొదలుపెట్టింది. చుక్క, గీత, గీత. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే అమ్మ కిటికీలోంచి ఆయన తల ఎత్తడం చూసి, దొరికిపోయాననుకుని, హడావిడిగా బొంతలు లాగెయ్యడం మొదలుపెట్టింది. తాతయ్య మొహం మళ్ళీ ముడుచుకుపోయింది. కిటికీ వైపు చూశాడు. డబ్బా వైపు చూశాడు. మళ్ళీ కిటికీ వైపు చూశాడు.

"అమ్మాయ్, తియ్యబాక!" అని కేకేశాడు.

అమ్మ బొంత పట్టుకునే ఇటు తిరిగింది. "తప్పైపోయింది మామా, తీసేస్తా ఉండా" అని ఇంకో బొంత లాగింది.

"తియ్యబాక అంటే తీస్తావేంది! వెయ్యి! మళ్ళీ వెయ్యి! ఇంకా ఏమన్నా ఉంటే అన్నీ తెచ్చి వెయ్యి!"

ఆదివారం సూదిలో దారం ఎక్కించినా ఒప్పుకోని మనిషి, ఆదివారం పూట కోడలి చేత బొంతలు ఆరేయించాడు. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది, చెవులతో పాటు మతి కూడా పోయిందేమోనని.

ఆ తరవాత తాతయ్య హెడ్‌ఫోన్లు తీసి నా చెవులకు తగిలించాడు. బొంతలు ఉన్న చోటు వదిలేసి, ఖాళీగా ఉన్న తీగ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చిటపట వినపడగానే చెయ్యి ఎత్తమన్నాడు. ఆయన నా వైపు వీపు పెట్టి, మెలిక పడిన చోట తీగను కదిపాడు. చిట్. చెయ్యి ఎత్తాను. కిటికీ దగ్గర నిలబడ్డ అమ్మ, ఎత్తిందని చెప్పింది. ఇంకో మెలిక కదిపాడు. చిట్. ఎత్తాను. ఆయన ఆగితే గోల ఆగింది. తుప్పు పట్టిన మెలికలు గాలికి ఒరుసుకుంటుంటే ఆ గోలంతా పక్కనే ఉన్న ఏరియల్ తీగలోకి ఎక్కుతోందన్నమాట. బొంతల బరువుకు మెలికలు బిగుసుకుంటే ఒరుసుకోవు. వారమంతా తడిబట్టలు వేలాడే కంచె మీద ఆదివారం మాత్రం ఏమీ ఉండదు కాబట్టి ప్రతి ఆదివారం మాకు అదే శాస్తి.

ఈ గొడవకు నిద్రలేచి మా నాయన వచ్చాడు. సంగతి విని మొహం మాడ్చుకున్నాడు. ఆయన కంచెను ఎవరేమన్నా అంతే.

"కంచెది తప్పని ఎవరన్నారబ్బాయ్?" అన్నాడు తాతయ్య. "పోయి దాని పక్కన చేరింది నా తీగ. డబ్బాను తిట్టినా, చెవుల్ని తిట్టుకున్నా. పక్కన ఏముండాదో చూసుకోలా."

నాయన ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మరి ఇప్పుడేం చేద్దామని అరిచాడు.

"అరవబాక. నాకు వినపడతా ఉండాది. మామూలుగా చెప్పు" అన్నాడు తాతయ్య. ఆ మాట కోసం నేను ఎంతకాలం కాచుకుని ఉన్నానో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పరుగెత్తి వెళ్ళి ఆయన నడుము పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు ఏరియల్ని కంచెకు దూరంగా, ఇంటి వెనక తాటిచెట్టు నుంచి ఇంటి దూలం దాకా కట్టారు. నాయన మూతి ముడుచుకునే నిచ్చెన పట్టుకున్నాడు. ఆ పై ఆదివారం గుడిలో పాట వేళకు అందరూ గొంతులు సవరించుకుంటుంటే వెనక వరసలోంచి తాతయ్య గొంతు లేచింది. ముందున్న వాళ్ళు ఉలిక్కిపడి తిరిగి చూశారు. అమ్మ పాడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గొంతు చించుకుని పాడాను, అయినా ఆయన గొంతు దాటి ఎవరికీ ఏమీ వినపడలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. ఊరు మారలేదు. చెవిటివాడని ఒకసారి పేరు పడ్డాక ఎవరు తుడుస్తారు? ఆయన బతికున్నంత కాలం వీధిలో ఆయన్ని అరిచే పలకరించారు. మొదట్లో విసుక్కునేవాడు, తరవాత నవ్వేసేవాడు. నేను నవ్వలేకపోయాను. ఆ వీధి అరుపులకు మాత్రం ఇప్పటికీ నవ్వలేను.

మొన్న మా మనవరాలు నాకేదో చెప్పింది. నేను "ఆఁ?" అన్నాను. అది వాళ్ళమ్మ వైపు తిరిగి, అమ్మమ్మకు వినపడడం లేదు, చెవి డాక్టరుకు చూపించాలంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, గోల పెడుతున్న మిక్సీ ఆపేసి వచ్చి, మనవరాలి పక్కన కూర్చుని దాని మోకాలి మీద వేలు పెట్టాను.

"ఇప్పుడు చెప్పు. మామూలుగా చెప్పు" అన్నాను.