పెళ్ళికూతురి చేతికి రవిక గుడ్డ

సెల్‌ఫోన్ ఉన్నవాళ్ళను కొంచెం గొప్పగా చూసే ఆ కాలంలో, చింతామణిలో గోళ్ళ రంగంటే సీసాలో బ్రష్షు ముంచి పూసేదే, ఆరేదాకా ఊదుకుంటూ కూర్చోవడమే. అలాంటి ఊరికి మా పార్లరక్క (నాకు పని నేర్పిన యజమానురాలు, ఊరంతా అలాగే పిలిచేది) బెంగళూరు నుంచి జెల్ రంగునూ, దాన్ని గట్టిపరిచే నీలం లైటు పెట్టెనూ తెచ్చింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, పనిలో చేరి రెండు నెలలు. అంతకుముందు చిక్కబళ్ళాపురం దగ్గర తోటల్లో రోజాపూలు కోసేదాన్ని. ఫ్యాను కింద చేసే పని దొరికిందని నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు. ఆ పని పోతే మళ్ళీ ముళ్ళలోకే.

"ఆ లైటు ఎండ మాదిరే, చర్మానికి మంచిది కాదు. గోళ్ళు మాత్రం బయటుండల్ల, మిగతా చెయ్యి మూసుండల్ల," అని అక్క పదిసార్లు చెప్పింది. ఒకరోజు సామాన్లకు పోతూ కొత్త నల్ల గ్లవ్సు జత నా చేతికిచ్చి, "పెండ్లికూతురు వస్తాది, వీటిని కత్తిరించి పెట్టు. నాకు ఆలస్యమైతే నువ్వే మొదలుబెట్టు," అంది. కత్తిరించడం నాకు కొత్తా? మా తోటల్లో గ్లవ్సు దొరికితే వేళ్ళ తొడుగులే కత్తిరించి దాచుకుంటాం. ముల్లు గుచ్చుకునేది వేలికే కదా, అరచేతి ముక్క ఎవరిక్కావాలి? పది వేళ్ళనూ నేర్పుగా కోసి ట్రేలో వరసగా పేర్చాను. మిగిలిన ముక్కలతో జుట్టు రంగు ఒలికిన బల్ల తుడిచి చెత్తబుట్టలో పడేశాను. (నా శుభ్రతకు అక్క మురిసిపోతుందని కూడా అనుకున్నాను.)

పెళ్ళికూతురు మిట్టేమరి నుంచి వాళ్ళ అవ్వను వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగింటి బస్సుకు తిరిగిపోవాలన్నారు. సరేనని గులాబీ రంగు జెల్ పూసి, మొదటి తొడుగు బొటనవేలికి ఎక్కించాను. గోరు మాయమైంది! తీస్తే రంగంతా తొడుగుకే అంటుకుంది. నేను చేసిన ఘనకార్యం అప్పుడు బుర్రకెక్కింది: కోయాల్సింది వేళ్ళ కొసలు మాత్రమే, చేతిని కప్పే ముక్కనేమో నేనే పారేశాను. చేతికి ముందుగా రాయడానికి ఎండ నుంచి కాపాడే క్రీము ఉంది కదా అంటారేమో. ఉంది, బీరువాలో, తాళంచెవి మాత్రం అక్క నడుము దగ్గర.

నా వాలకం చూసి అవ్వ దగ్గరికొచ్చింది. ట్రేలోకి తొంగిచూసి, "ఇవి పూలు కోసేటప్పుడు ఏసుకొనేటివి గదా! మేమూ కోసినాము. మీది ఏ ఊరు తల్లీ?" అంది. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. "ఈ లైటు ఎండ మాదిరంట, గోళ్ళు తప్ప చెయ్యంతా మూసుండల్లంట. గ్లవ్సు నేనే పాడుచేసినాను. అక్క చూస్తే నన్ను ఇంటికి పంపేస్తాది అవ్వా," అన్నాను.

"చెయ్యికి ఎండ తగలకుండా ఉండల్ల, అంతే గదా? దానికి ఏడుస్తాండావా?" అని, తన సంచిలోంచి తాంబూలంలో వచ్చిన ఎర్ర రవిక గుడ్డ తీసి నిలువునా చించింది. మణికట్టు నుంచి వేళ్ళ కొసలదాకా మడతలేసి చుట్టి, గోళ్ళు మాత్రం బయటికి వదిలింది. నేను బొటనవేలికి మళ్ళీ రంగు పూసి, రెండు చేతులనూ పెట్టెలోకి నెట్టానో లేదో, అక్క గుమ్మంలోకి వచ్చేసింది. నేను ట్రేలోని పది వేళ్ళనూ గుప్పిట పట్టి, కుర్చీలో వేసుకుని వాటి మీదే కూర్చున్నాను.

"ఏందిది? గ్లవ్సు ఏమైనాయి?"

అవ్వే అందుకుంది. "నేనే వద్దన్నానమ్మా. శుభకార్యం ముందర మా బిడ్డ చేతికి నల్లది తొడుగుతారా? మీకు తోచల్లేదా?"

మా అక్క ముఖం మాడిపోయింది. "తప్పయిపోయింది అవ్వా," అని రెండు చేతులూ జోడించింది. (అవ్వ ఎంత నిష్ఠగా నిలబడిందంటే, ఆ అబద్ధాన్ని నేనే నమ్మేశాను. మరుసటి వారం అక్క ఎర్ర గ్లవ్సు కొనుక్కొచ్చింది.)

"ఎంతసేపు పెట్టల్ల ఈ లైటులో?" అని అవ్వ అడిగింది. రెండు నిమిషాలన్నాను. అవ్వకు నవ్వాగలేదు. "రెండు నిముషాలకా ఈ అగచాట్లు! నేను పుట్టినప్పట్నుంచీ ఎండలోనే ఉండాను గదే!" అని తన చేతులు ముందుకు చాచింది. నల్లటి మచ్చలు, ముళ్ళ గీతలు, పగుళ్ళు. అచ్చం మా అమ్మ చేతులు. నాకు ఒక్కసారిగా దుఃఖం వచ్చింది. అక్కను అడిగి బీరువా తీయించి, ఆ క్రీము అవ్వ చేతులకు రాశాను. "నాకేల తల్లీ, ఇంగ ఈ చేతులకు పెండ్లా?" అంది గానీ, చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బస్సు వేళయిందని వాళ్ళు వెళ్ళిపోయారు. నేనేమో కుర్చీలోంచి లేస్తే గుట్టు బయటపడుతుందన్న భయంతో గుమ్మందాకా కూడా పోలేదు, మీ దయ అని ఒక్క మాటా అనలేదు. ఇప్పుడు బాగేపల్లిలో నాకు సొంత పార్లరుంది. పెళ్ళికూతురి వెంట వచ్చి గోడ పక్క బెంచీ మీద ఒదిగి కూర్చునే పెద్దామెను ముందు పిలిచి, ఆమె చేతులకు క్రీము రాస్తాను. ఆనాడు చెప్పలేకపోయిన మాటను ఇలా ఒక్కొక్కరికీ చెప్పుకుంటున్నాను. వాళ్ళేమో ఈ పార్లరమ్మకు కొంచెం తిక్క ఉన్నట్టుందని ముసిముసిగా నవ్వుకుంటూ, రెండో చెయ్యి కూడా చాస్తారు.