మూడుసార్లు విప్పిన కుట్టు

టేపు మాస్టారు అబద్ధమాడడని ఎవరైనా చెబితే నమ్మకండి. నలభై ఏళ్లుగా ఆయన దర్జీ కొట్టు నడిచిందే ఒక అబద్ధం మీద. పోయినేడు కుట్టించుకున్న ప్యాంటు నడుం దగ్గర పట్టడం లేదని ఎవరొచ్చినా, మెడలో టేపు సవరించుకుంటూ "మీ ఒళ్లు అలాగే ఉంది బాబూ, ఉతికితే బట్టే ముడుచుకుపోయింది" అనేవాడు. వచ్చినవాడు మురిసిపోయి ఇంకో ప్యాంటుకి కొలతలిచ్చి పోయేవాడు.

ఊరికి చెప్పినంత కాలం ఏ గొడవా లేదు. అరవై ఎనిమిదో ఏట తనకు తానే చెప్పుకున్నాడు, అక్కడొచ్చి పడింది చిక్కు.

బడులు తెరిచే రోజులు. రెండు వందల యూనిఫారాలు ఒప్పుకుని, మాస్టారు స్టూలుకి అతుక్కుపోయాడు. ఎడమ కాలు మడిచి కిందపెట్టుకుని కుడి కాలితోనే మిషను తొక్కడం ఆయన అలవాటు. టీ కూడా మిషను దగ్గరికే రావాలి. పది రోజులు ఇలా సాగాక ఎడమ పిక్క సలపడం మొదలైంది. నరం పట్టేసిందనుకున్నాడు. తర్వాత పిక్క వాచింది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది, ప్యాంటు ఎడమ కాలు బిగిసిపోయింది. ఇంకొకరైతే కాలు చూసుకునేవారు. ఈ మహానుభావుడు ప్యాంటు చూసుకున్నాడు, బట్టే ముడుచుకుపోయిందట!

కుట్టు లోపల అంగుళం గుడ్డ ఎక్కువ వదిలిపెట్టడం ఆయన పద్ధతి. భార్య మధ్యాహ్నం ఇంటికెళ్లగానే కొట్టు తలుపు దగ్గరికేసి, తువ్వాలు చుట్టుకుని, ఎడమ కాలి కుట్టు విప్పి కాస్త వదులు చేసి మళ్లీ కుట్టుకున్నాడు. రెండు రోజులకి మళ్లీ బిగిసింది, మళ్లీ విప్పాడు. ఇంకో రెండు రోజులకి మళ్లీనూ. ఊరందరికీ కుట్టే మనిషికి సొంతానికి సరైన ప్యాంటు ఒక్కటే ఉంది, అదీ ఈ పాటు పడింది.

శనివారం పొద్దున భార్య ఆ ప్యాంటు తిరగేసి ఇస్త్రీ చేస్తోంది. కొట్టులో కాజాలూ బొత్తాలూ ఆవిడ పనే. ఎడమ కాలి కుట్టు చూసి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది.

"ఏమండీ, మీ ఎడమ కాలొకసారి చూపించండి."

"ఏముంది చూడ్డానికి? నరం పట్టింది. సాయంత్రం సెలూన్ ఆయన వేడి నూనె పెట్టి గట్టిగా రుద్దుతానన్నాడు. తెల్లారేసరికి పరిగెడతాను."

ఆవిడ పైజామా పైకి లాగి చూసింది. వెంటనే ఆటో పిలిచింది. ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆస్పత్రికి ప్యాంటెందుకే అని దారిపొడవునా అడుగుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. "ఎన్నాళ్లయింది పెద్దాయనా వాచి?"

"నిన్ననేనమ్మా," అన్నాడు మాస్టారు, రెప్ప కూడా వాల్చకుండా.

భార్య సంచిలోంచి ప్యాంటు తీసి బల్ల మీద పరిచింది. "ఈ సూది గుర్తుల్లో నీలం దారం ముక్కలున్నాయి చూడండమ్మా. సోమవారం మిషన్లో నీలం దారం ఉంది. పక్క వరుస తెల్లది, అది బుధవారం. ఇప్పుడున్న కుట్టు ఎర్రది, నిన్నటిది. మిషన్లో ఏ దారముంటే దానితోనే కుట్టేశారు, మార్చే ఓపిక కూడా లేదు ఈయనకి. అయిదు రోజుల్లో మూడుసార్లు వదులు చేశారు, ఒక్క ఎడమ కాలే."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. వెంటనే స్కాన్‌కి పంపింది. స్కాన్ తీసినవాళ్లు చూసి చెప్పారు: పిక్క లోపలి రక్తనాళంలో రక్తం గడ్డ కట్టింది.

"ఈ వయసులో గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఇలా అవుతుంది," అంది డాక్టరమ్మ. "రుద్దించుకోలేదు కదా? గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణాల మీదికొచ్చేది. ఇక్కడే ఉండండి. గడ్డ పెరగకుండా పొట్టకి ఇంజెక్షన్ ఇస్తారు."

"నొప్పి కాల్లో ఉంటే పొట్టకెందుకూ? నేను పొడిపించుకోను," అని మాస్టారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

డాక్టరమ్మ వెళ్లాక భార్య మెల్లగా అడిగింది. "నాకెందుకు చెప్పలేదు?"

ఆయన గోడ వైపు తిరిగాడు. "భయమేసిందే. ఈ కాలు పనికిరాదంటారేమో, మిషను ఆగిపోతుందేమోనని."

"మీ కాలు ఆగితే మిషను నేను తొక్కుతాను," అంది ఆవిడ. "మీరే ఆగిపోతే నేనేం చెయ్యాలి?"

నర్సు సూది పట్టుకుని వచ్చింది. మాస్టారు కిక్కురుమనకుండా చొక్కా పైకెత్తాడు.