నా కుడిచేతికి దొరికిన విడుదల

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రికలో నెలనెలా వచ్చే సాక్ష్యాలన్నీ నేను చదువుతాను, క్షయ తగ్గినవారు, సారా మానినవారు, పాము కరిచినా బ్రతికి బయటపడ్డవారు రాస్తుంటారు, దేవునికే మహిమ! నాకు మాత్రం అలాంటివేవీ రాలేదు. నా రోగం నా కుడిచేతిలో ఉండేది. దాన్ని ఏ డాక్టరూ కనిపెట్టలేదు, పైగా ఊరంతా మెచ్చుకుంది, అందుకే అది అన్నేళ్ళు నాతో ఉండిపోయింది.

నా పేరు సుగుణమ్మ. మార్కాపురం దగ్గర ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మను. కన్నీళ్ళు లేని సాక్ష్యం సాక్ష్యమే కాదని మా సంఘంలో కొందరంటారు గానీ, నాకు ఏడుస్తూ చెప్పడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఏడవదలచినవారు ఏడవవచ్చు.

మా అన్న ఏసుదాసు నాకంటే మూడేళ్ళు పెద్ద. అయినా ఇద్దరం ఒకే తరగతిలో చదివాం, ఎందుకంటే అన్నకు ఎక్కాలు రాక ఆ తరగతిలోనే ఉంచేస్తూ వచ్చారు, నేను వెనకనుంచి వచ్చి కలిశాను. మా అయ్యవారు చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. నన్ను టీచరు ట్రైనింగుకు పంపమని మా నాయనను బతిమాలింది ఆయనే. కొట్టకపోతే చదువు రాదని ఆయన నమ్మకం, ఆయన్ని కూడా అలాగే కొట్టి చదివించారట. గోడకుర్చీ, గుంజీలు, తొడపాశం అన్నీ ఉండేవి, కానీ ఆయనకు బాగా ఇష్టమైన శిక్ష ఇంకొకటి ఉంది, మీలో చాలామంది ఎరిగే ఉంటారు. జవాబు చెప్పిన పిల్ల, చెప్పలేనివాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి ఎడమచేత్తో ముక్కు పట్టుకుని కుడిచేత్తో చెంప మీద కొట్టాలి. ఆడపిల్ల కొడితే మగపిల్లలకు సిగ్గు ఎక్కువని ఆయన ఉద్దేశం. నాకు జవాబులు వచ్చేవి కాబట్టి నా చేతికి పని ఎక్కువ. నాకది ఇష్టంగానే ఉండేది సహోదరులారా, దాచి లాభమేమిటి, పైనున్న ఆయనకు తెలియనిదా!

ఒకరోజు ఏడో ఎక్కం అడిగారు. ఏడెనిమిదులు ఎంతంటే ఐదుగురు నోరు తెరవలేదు, నేను చెప్పాను. వరుసగా నలుగురినీ కొట్టుకుంటూ వచ్చాను. ఐదోవాడు మా అన్న. అన్నను ఎలా కొట్టాలో తెలియక చెంపను ఊరికే తాకి వదిలేశాను. అయ్యవారు లేచి వచ్చారు.

"ఏంది సుగుణా, ఈగను తోలుతుండావా? కొట్టేది ఎట్లనో నేను చూపిస్తా రా."

అని నా చెంప మీదనే చూపించారు. చెవి గుయ్యిమంది. ఇప్పుడు కొట్టమన్నారు. అన్న పొడగరి, నేను పొట్టి, మునివేళ్ళ మీద లేచినా నా చేయి సరిగా అందలేదు. అప్పుడు అన్న మోకాళ్ళు వంచి, తన ముఖాన్ని నా ఎత్తుకు తెచ్చి పెట్టాడు. నేను గట్టిగా కొట్టాను. ఐదు వేళ్ళూ చెంప మీద తేలాయి. అయ్యవారు శభాష్ అన్నారు.

మరుసటి రోజు అన్న బడికి రాలేదు. "నాకు సదువు ఎక్కదు నాయనా, పలకల గనికి పోతా" అన్నాడు. నాయన రెండు రోజులు తిట్టి, మూడో రోజు తనే వెంటబెట్టుకుని పోయి పనిలో పెట్టివచ్చాడు. ఆ దెబ్బ సంగతి అన్న ఇంట్లో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా చేతి దెబ్బకు సిగ్గుపడి అన్న చదువు మానేశాడని నాకు నేనే తేల్చుకుని, ఆ తేల్చుకున్నదాన్ని ఇరవై ఏళ్ళకు పైగా మోశాను.

నేను పంతులమ్మనయ్యాను. బల్ల మీద చింతబరిక ఉండేది గానీ నాకు నా చేతి మీదే నమ్మకం. "కండ్లు రెండూ ఇడిచిపెట్టి యాడన్నా కొట్టు పంతులమ్మా" అని తల్లిదండ్రులు అప్పగించి పోయేవాళ్ళు, పక్క ఊళ్ళనుంచి కూడా నా భయం కోసమే పిల్లలను తెచ్చి చేర్చేవాళ్ళు, ఇన్‌స్పెక్టరు వచ్చి క్రమశిక్షణ బాగుందని రాసి పోయాడు. ప్రతిరాత్రీ మోకాళ్ళ మీద పడి, "ప్రభువా, మా బడి పిల్లలకు బుద్ధి దయచేయి" అని ప్రార్థించేదాన్ని. నాకు దయచేయమని ఒక్కనాడూ అడగలేదు! ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోవడానికి కుడిచేయి చాపినప్పుడు మాత్రం అన్న చెంప గుర్తొచ్చేది. అన్న అదే గుడిలో మగవాళ్ళ వైపు కూర్చుని పాడుతూ ఉండేవాడు. నేను ఆ వైపు చూసేదాన్ని కాదు.

మన తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లోనే అన్న తన కూతురు కరుణను తెచ్చి నా బడిలో చేర్చాడు. తన చేత్తో నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించిన పలక ఒకటి దాని చంకలో ఉంది. అందరు తండ్రులూ అనే మాట అన్న అనలేదు. "దీనికీ నా మాదిరే లెక్కలు రావు, సుగుణా" అని మాత్రం చెప్పి గనికి పోయాడు. ఎలాగైనా నేర్పమంటున్నాడని నేను అర్థం చేసుకున్నాను, అంటే నా చేతికి ఎలా కావాలో అలా అర్థం చేసుకున్నాను.

కరుణ మూడో తరగతికి వచ్చింది. తండ్రిలాగే పొడగరి. ఒకరోజు నేను ఏదో గుణకారం అడిగితే దానికి రాలేదు, తరగతిలోకెల్లా పొట్టివాడు చెప్పాడు. అయ్యవారి పద్ధతి నేను ఎన్నడూ విడిచిపెట్టలేదు కదా, "ఊఁ, కానీ" అన్నాను. వాడు చేయి ఎత్తాడు, అందలేదు. ఎగిరాడు. పిల్లలు నవ్వారు, నాకూ నవ్వు వచ్చింది. అప్పుడు కరుణ మోకాళ్ళు వంచి, తన ముఖాన్ని వాడి ఎత్తుకు తెచ్చి పెట్టింది.

దానికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ నాయన అలా వంగాడని దానికి తెలియదు.

"ఆపు!" అని నేను అరిచిన అరుపుకు ఆ పొట్టివాడు తననే కొడతాననుకుని ఏడుపందుకున్నాడు. పిల్లలందరినీ ఆటకు పంపేసి, ఖాళీ తరగతిలో పలకల మధ్య మోకరించి, "ప్రభువా, ఈ చెయ్యి నువ్వు తీసేసుకో, లేకుంటే బాగుచెయ్యి" అని ప్రార్థించాను. ఆయన స్వరం విన్నానని చెప్పను, వినలేదు. ముందు మీ అన్న దగ్గరికి పో అని మనసుకు గట్టిగా తోచింది, అంతే.

సాయంత్రం పోయేసరికి అన్న గుమ్మంలో కూర్చుని పలకలకు చట్రాలు బిగిస్తున్నాడు. వదిన మంచినీళ్ళు ఇచ్చింది. దారిలో అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"అన్నా, ఆనాడు బళ్ళో నేను కొట్టినానే, దానివల్లనే గదా నువ్వు సదువు మానింది?" అని అడిగేశాను.

అన్న చేతిలో పని ఆపి నా వంక చూసి నవ్వాడు. "నువ్వు కొట్టినదానికా? నీ చెయ్యెంత, నా మొకమెంత! ముందు మెల్లగా కొట్టినావని ఆయన నిన్ను కొట్టినాడు సూడు, అది ఓర్చుకోలేకపోయినా. ఒక్క దెబ్బతో అయిపోతాదని వంగినా. ఆ ఎక్కం నాకు మర్నాడూ రాదు, ఆ మర్నాడూ రాదు. నువ్వు మళ్ళా మెల్లగనే కొడతావు, మళ్ళా తింటావు. నేను పోకుంటే నీకా బాధ ఉండదని మానుకున్నా."

"ఇన్నేండ్లూ చెప్పలేదేంది అన్నా?"

"నువ్వు అడగలేదు గదమ్మా."

ఏడవడం చేతకాదని పైన రాశాను. ఆ రోజు వచ్చింది, వదిన కంగారుపడి ఇరుగుపొరుగును పిలవబోయేంతగా వచ్చింది! నేను అన్నను సిగ్గుపరచి పంపేశాననుకున్నాను. అన్న నా దెబ్బలు తను తీసుకుని, తన చదువు వదులుకుని, నన్ను ఆ బడిలో కూర్చోబెట్టాడు. ఆ చదువుతో నేను చేసింది ఏమిటంటే, అదే శిక్షను నేర్చుకుని అతని కూతురి దాకా తీసుకురావడం.

అన్న, "ఒక్కటి అడుగుతా. నువ్వు కొడితే కొట్టినావు గానీ, పిల్లలతో పిల్లలను కొట్టించబాకు" అన్నాడు. తర్వాత నా కుడిచేయి పట్టుకుని ప్రార్థన చేశాడు. అన్నకు పెద్ద ప్రార్థనలు రావు. "ప్రభువా, మా సుగుణ చెయ్యి నువ్వు పట్టుకో. అది మంచి చెయ్యే. ఆమేన్" అన్నాడు.

సహోదరులారా, విడుదల ఒక్క పూటలో వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. పిల్లలను పిల్లలతో కొట్టించడం ఆ రోజే మానాను, బరికను ఆ వారమే పొయ్యిలో పెట్టాను, కానీ నా చేయి మాత్రం అలవాటుగా లేస్తూనే ఉండేది. లేచినప్పుడల్లా దాన్ని వెనక్కు తీసుకుని కొంగు పట్టుకుని, "ప్రభువా, పట్టుకో" అనుకునేదాన్ని. పిల్లలు అది కనిపెట్టి, నేను లేనప్పుడు చేతులు వెనక్కు పెట్టుకుని నాలాగే చేసి నవ్వుకునేవాళ్ళు. ఒకసారి చేయి తప్పించుకుని ఒక పిల్లవాడిని కొట్టింది కూడా, మరునాడు తరగతి ముందు వాడిని క్షమించమని అడిగితే వాడు భయపడిపోయాడు. "కొట్టకుంటే సదువు యాడనుంచి వస్తాది పంతులమ్మా, మెత్తబడిపోతివే" అని ఒక తండ్రి తన పిల్లను వేరే బడికి తీసుకుపోయాడు. పోనివ్వక తప్పలేదు. ఇప్పుడు మన జిల్లా కూడా మారిపోయింది, నా చేయి లేచి చాలాకాలమైంది. కరుణ ఏడెనిమిదులు ఇప్పటికీ తప్పు చెబుతుంది, చెప్పి నా ముఖంలోకి చూసి నవ్వుతుంది, మళ్ళీ వేళ్ళు లెక్కపెడుతుంది. దేవునికే మహిమ!

మన ప్రభువును కూడా చెంప మీద కొట్టారని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాను. ఏ మనిషి చేతికీ అందనంత ఎత్తులో ఉన్నవాణ్ణి చెంప మీద ఎలా కొట్టగలిగారో నాకెన్నడూ తోచలేదు. మా అన్నను చూశాక తెలిసింది, ఆయనే వంగాడు. అంతగా వంగినవాడు మీరు పిలిస్తే వినకపోతాడా? మీలో ఎవరి చేతికైనా నా రోగం ఉంటే, బడిలో గానీ ఇంట్లో గానీ, ఆయనను నమ్మి ఆ చేతిని ఆయనకు అప్పగించండి. తర్వాత ఎవరి దగ్గరికి పోవాలో మీకే తెలుసు, లేచి పోండి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆగాను. అన్నేళ్ళూ మా అన్న ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉంది.