బస్టాండులో వరికంకుల కుచ్చు

డెబ్బైల్లో ఒక చలికాలం పొద్దున, ఉయ్యూరు బస్టాండులో బెజవాడ బస్సు కోసం కూర్చున్నాను. పక్కనే ఒక పెద్దావిడ. నలిగిపోకుండా స్తంభం మేకుకి ఆవిడ తగిలించుకున్నది వరికంకుల కుచ్చు. కోతలయ్యాక పిచ్చుకల కోసం మేమంతా చూరుకి కట్టేదే.

"కుచ్చుని కూడా బస్సెక్కిస్తున్నారేంటండీ?" అన్నాను నవ్వుతూ.

"మా ఆయన బెజవాడ ఆస్పత్రిలో ఉన్నారండి. పిచ్చుకల గోల లేక తెల్లారినట్టే లేదంటున్నారు. మంచం పక్క కిటికీకి కడదామని. పట్నం పిచ్చుకలకి ఇదేంటో తెలుస్తుందో లేదో మరి!"

నా నవ్వు ఆగిపోయింది.

అంతలో బస్టాండు రేకుల కింద నుంచి ఒక పిచ్చుక దిగి కుచ్చు మీద వాలింది. వెనకే ఇంకో రెండు. అవి గింజలు పొడుస్తుంటే ఆవిడ ఊపిరి బిగబట్టి చూస్తోంది.

బస్సొచ్చింది. జనం ఎగబడ్డారు. "మన బస్సండీ," అన్నాను మెల్లగా.

"తిననివ్వండి బాబూ," అంది, అటే చూస్తూ. "బస్టాండు పిచ్చుకలే తిన్నాయి, పట్నంవీ తింటాయని చెబుతాను ఆయనకి."

బస్సు వెళ్లిపోయింది. నేనూ కదల్లేదు.

ఇప్పటికీ బెజవాడలో ఏ ఆస్పత్రి ముందు నుంచి వెళ్తున్నా, తలెత్తి కిటికీలన్నీ ఓసారి చూస్తాను.