గజపతినగరంలో వల వేసిన పడవ

మా జిల్లాలో పడవల కేసులు ఎవరు వాదిస్తారని అడిగితే ఇవాళ నా పేరే చెబుతారు. గొప్పలు పోతున్నాడనుకుంటే అనుకోండి, నాకేం నామోషీ లేదు. కానీ నా మొదటి పడవ కేసును నేను ముంచిన తీరు వింటే మీరే ముక్కున వేలేసుకుంటారు.

మాది గజపతినగరం, వరి పండించే ఇల్లు. సముద్రాన్ని పిక్నిక్కుల్లో తప్ప చూసినవాణ్ణి కాను. అయితేనేం, విశాఖలో ఏడాది ఓడల చట్టం చదివి, ఆఫీసు బోర్డు మీద నా పేరు కంటే పెద్ద అక్షరాలతో 'సముద్ర న్యాయ నిపుణులు' అని రాయించాను.

ఆ బోర్డు చూసి వచ్చాడు ఎర్రన్న. భోగాపురం వైపు మత్స్యకారుడు, మా నాన్న ఈడువాడు. లంగరు వేసి ఉన్న తన పడవను ఎర్రన్న పడవ గుద్దిందని అదే ఊరి సూరయ్య దావా వేశాడు. ఈ సూరయ్య పడవలు అద్దెకివ్వడమే గాని సముద్రం మీదకి వెళ్లడు. కేసు ఓడితే ఎర్రన్న తన ఒక్క పడవా అమ్ముకోవాలి. ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతున్నారు.

"దావాలో ఆడు సెప్పిన సోటు నాకు తెలుసు బాబూ," అన్నాడు ఎర్రన్న. "పడవలోంచి ఒడ్డుకేసి సూత్తే సర్చి సిలువ కొండ నెత్తిన కూకుంటాది. ఎయిర్‌పోర్టు టవరు తాటితోపు కొసకొస్తాది. అక్కడ..."

"సిలువలూ తాటితోపులూ కోర్టులో చెల్లవు ఎర్రన్నా. అక్షాంశాలు, రేఖాంశాలు కావాలి. నువ్వు అక్కడ నోరు విప్పకు."

"సదువుకున్నోడివి. నువ్వెలాగంటే అలాగే."

ఆదివారం మా ఇంటి వరండాలో కూర్చుని దావాకు జవాబు రాశాను. ఫోనులో మ్యాపును సముద్రం దాకా జరిపి, ఆ రోజు ఎర్రన్న వల వేసింది అక్కడ కాదు, ఇక్కడ అంటూ తెర మీది అంకెలు దించేశాను. రాశాక నాకే ముద్దొచ్చింది. మా ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించాను.

వాయిదా రోజున అవతలి ప్లీడరు ఆ అంకెలను తన ఫోనులో కొట్టి చూసుకుని, తాపీగా లేచాడు.

"అయ్యా, వీరి జవాబు ప్రకారం ఎర్రన్న ఆ రోజు వల వేసింది గజపతినగరంలో. ఎవరిదో వరండా."

కోర్టు హాలంతా గొల్లుమంది. నేను దించినవి సముద్రం అంకెలు కావు, నా ఫోను ఉన్న చోటువి.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "నిపుణులవారూ, అక్కడ ఏ చేపలు పడతాయండీ?"

అంతమందిలో నవ్వనివాడు ఎర్రన్న ఒక్కడే. పడవ పోయిందన్న భయం అతని మొహంలో చూసి సిగ్గుతో చచ్చిపోయాను. ఏం జరిగిందో చెప్పమని జడ్జిగారు అతన్నే అడిగారు. అతను నా వంక చూశాడు, నోరు కట్టేసింది నేనే కదా.

"చెప్పు ఎర్రన్నా," అన్నాను.

"సూరయ్య సెప్పిన సోట నీటి కింద రాళ్లున్నాయి బాబయ్యా. తెలిసినోడెవడూ లంగరెయ్యడు. నేను గుద్దితే పక్క పగలాల. ఆడి పడవకి అడుగు సీలింది, అది రాళ్ల పనే."

ఆ చోటు చూసి రమ్మని జడ్జిగారు ఒక ప్లీడరును కమిషనరుగా పంపారు. నేనూ పడవెక్కాను. దారి పొడుగునా వాంతులు చేసుకున్న సముద్ర నిపుణుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఎర్రన్న ఒకచోట ఇంజను ఆపాడు. సిలువ వెళ్లి బుద్ధిగా కొండ నెత్తిన కూర్చుంది, టవరు తాటితోపు కొసకొచ్చింది. కమిషనరు బరువు కట్టిన తాడు వదిలితే బారెడైనా దిగలేదు, ఠంగున రాయి తగిలింది.

దావా కొట్టేశారు. ఎర్రన్న నా మొదటి క్లయింటని ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటాను. అతనూ నా గురించి గర్వంగానే చెప్పాడు. తీర్పు వచ్చిన మర్నాడు ఒడ్డున ఊరందరినీ పిలిచి, నా భుజం మీద చెయ్యేసి అన్నాడు:

"ఈయనే మా ప్లీడరు బాబు. మన పడవని గజపతినగరం దాకా తీసికెళ్లి, గీత పడకుండా ఎనక్కి తెచ్చినాడు."

అందుచేత మా ఇంటి వరండా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట క్లయింటు చెప్పేది పూర్తిగా వినకుండా, ఏ పడవనూ మా ఊరికి తోలుకురాను.