నరసరావుపేటలో గది కోసం

మా నాయన కంటికి ఆపరేషన్ చేయించి ఇంటికి తీసుకొస్తున్నప్పుడు నరసరావుపేటలో జరిగింది నాకు ఇప్పటికీ పూర్తిగా కొరుకుడు పడదు. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ సాయంత్రం అందరి మీదా కోప్పడ్డాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లుంటాయేమో. మిషన్ బోర్డింగులో చదివి, ట్రైనింగ్ అయి, గురజాల దగ్గర మా పల్లెలోనే పంతులమ్మగా చేరాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నాయన నవ్వేవాడు. ఆయన మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి.

యుద్ధం రోజులవి. నాయనకు ఒక కన్ను చిన్నప్పుడే పోయింది, రాళ్లు కొట్టేచోట పెచ్చు ఎగిరి తగిలి. రెండో కంట్లో శుక్లం ముదిరి, ఎదురుగా నిలబడింది నేనో మా అమ్మో గొంతు వింటే తప్ప తెలియని దాకా వచ్చింది. సముద్రం వైపున్న ఒక మిషన్ ఆస్పత్రిలో దొరసాని డాక్టరు శుక్లం తీసింది. మంచాలు చాలడం లేదని కట్టుతోనే పంపించేస్తూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది. వెలుతురు పడకూడదు. దుమ్ము పడకూడదు, పొగ తగలకూడదు, నీటిచుక్క తగలకూడదు. మనిషి వంగకూడదు, గబుక్కున లేవకూడదు, గట్టిగా దగ్గనైనా దగ్గకూడదు. వీటిలో ఏది తప్పినా ఉన్న ఆ ఒక్క కన్నూ పోతుంది, ఆ పైన తను చేయగలిగింది ఏమీ లేదంది.

రైలు వద్దని ఆమే అంది, బొగ్గు నలుసులు పడతాయని. ఆ రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు కూడా వెనకాల పొయ్యి పెట్టుకుని బొగ్గు మీదే నడిచేవి, వాటి కంటే రైలే నయం. అందుకని మా చిన్నాయన గూడుబండి తోలుకొచ్చాడు. ఎద్దులను నెమ్మదిగా నడిపిస్తూ, పొద్దుగూకిన చోటల్లా తలుపున్న గది ఒకటి వెతుక్కుంటూ పోవాలన్నది మా ఆలోచన. అదీ మా చేతిలో డబ్బులకు అందే గదైతేనే. బండ్లవాళ్లు మామూలుగా పడుకునే చోట నాయనను పడుకోబెట్టే వీలు లేదు కదా.

మొదటి రాత్రి చిలకలూరిపేటలో నాతో చదువుకున్న ఒకామె ఇంట్లో బాగానే గడిచింది. పొద్దున బయల్దేరాక ఈగలు మొదలయ్యాయి. కట్టుకు రాసిన మందు వాసనకేమో, విసిరే కొద్దీ ముసురుతున్నాయి. నాయన చెయ్యి మాటిమాటికీ మొహం మీదకు పోతుంటే పట్టుకుని ఆపుతున్నాను. చిన్నాయన బండి ఆపి, దారి పక్క వేపచెట్టు మండలు నాలుగు విరిచి గూడుకు ముందూ వెనకా కట్టాడు. రెండు తెచ్చి నాయన పక్కన పరిచాడు. నేను పల్చటి తెల్లగుడ్డ ఆయన నుదుటి నుంచి గడ్డం దాకా కప్పాను. ఈగలు తగ్గాయి. ఎంత తెలివి చిన్నాయనా అని నేనే మెచ్చుకున్నాను.

నరసరావుపేట చేరేసరికి పొద్దు వాలింది. పడమర మబ్బు కమ్ముకొస్తోంది. ముందు సత్రానికి పోయాం. సత్రంలో అడిగే మొదటి ప్రశ్న నాకు తెలుసు, మీరేమిటోళ్లని. కిరస్తానీలమంటే అరుగు మీద ఒక మూల చూపిస్తారు, లేదా అదీ లేదంటారు. దానికి నేను అనవలసిన మాటలన్నీ దారి పొడుగునా కూడబెట్టుకునే వచ్చాను. తీరా సత్రం ఆయన వాకిట్లోకి వచ్చి బండిని చూశాడు, ఆ ప్రశ్నే అడగలేదు. లోపల ఎవరని అడిగాడు. మా నాయన అన్నాను. వెలుతురు పనికిరాదు కదా అన్నాడు. పనికిరాదన్నాను. మొహం ముట్టుకోనివ్వకూడదు కదా అన్నాడు. ఇంత తెలిసిన మనిషి దొరికాడని నాకు ప్రాణం లేచొచ్చి, అవునండీ, ఒక చీకటి గది ఇస్తే చాలన్నాను. ఆయన చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి బండికి దణ్ణం పెట్టాడు. నాకు కాదు, బండికి. చల్లగా పోయి రండమ్మా అని తలుపు వేసుకున్నాడు.

నేనూ చిన్నాయనా మొహమొహాలు చూసుకున్నాం. దణ్ణం పెట్టి గెంటడమేమిటో ఇద్దరికీ అంతుబట్టలేదు.

కోర్టు దగ్గర ఒక పూటకూళ్లామె, వాయిదాలకు వచ్చే వాళ్లకు గదులిస్తుందని విని అక్కడికి పోయాం. గదుల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల చాపలు చుట్టి ఉన్నాయి. ఆమె గడప దాటి వచ్చి బండిని చూసి, మాట్లాడకుండా లోపలికి పరిగెత్తి, చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి చక్రాల ముందు పోసింది. మళ్లీ పోయి విస్తట్లో పెరుగన్నం తెచ్చి బండి తొట్టిలో పెట్టింది. అరుగు మీద అన్నం తింటున్న పెద్దమనిషి ఒకాయన విస్తరి వదిలేసి చెయ్యి కూడా కడుక్కోకుండా వీధిలోకి పోయాడు. గదులు ఖాళీ లేవని ఆమె అంది. మేము కిరస్తానీలమని ఇవ్వడం లేదా, ఆ మాటేదో మొహాన చెప్పండి అన్నాను. ఎవరైతే ఏముంది తల్లీ, మీకు తెలియనిదేముంది అంది. అన్నానికి డబ్బులివ్వబోతే చెవులు మూసుకుని వెనక్కి జరిగింది. పూట కూటికి ముందుగానే చెయ్యి చాపే ఇల్లది. అంత మర్యాద చేసి అంత కచ్చితంగా పొమ్మన్న వాళ్లను నేను అంతకు ముందు చూడలేదు.

సరే, మన వాళ్లున్నారు కదా అని మిషన్ కాంపౌండుకు తోలించాను. అక్కడ మా కులమూ మతమూ అడ్డం రావు. కానీ కాపలా ఆయన గేటు సగం తెరిచి, బండిని చూసి, ఆ సగమూ మూశాడు. అయ్యగారు ఊళ్లో లేరట. బోర్డింగు పిల్లలున్న చోటు, మీకు తెలియనిదేముంది అని ఆయన కూడా అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా నాయన పిల్లలను కరుస్తాడా అని అరిచాను. ఆయన తల దించుకుని పెదాలతో ప్రార్థన చేయడం మొదలుపెట్టాడు. బయటి వాళ్లు కాదన్నారంటే ఏదో అర్థముంది. మన వాళ్లూ కాదన్నాక ఇంక దీనికి ఏ పేరు పెట్టాలో తెలియలేదు. అందరూ నాకు తెలుసంటున్నది ఏమిటో నాకొక్కదానికే తెలియడం లేదు. బండెక్కి మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏమయిందమ్మా అని నాయన అడిగాడు. ఏమో నాయనా, ఏమయిందో తెలిస్తే కదా అన్నాను.

ఇంక మిగిలింది బండ్ల దొడ్డి. అక్కడ వరసగా పొయ్యిలు, పొగ, చొప్ప దుమ్ము. చిన్నాయన అటు తోలబోతే వద్దన్నాను. ఊరు దాటితే దారిలో ఏదో పల్లె రాకపోతుందా అని గురజాల రోడ్డు పట్టాం. చినుకు వాసన వస్తోంది. గూడు చాప పాతది, గట్టి వాన పడితే ఆగదు.

ఊరి చివర, బండ్లకు గడ్డి మోపులు అమ్మే ఒక ముసలామె మా బండికి అడ్డంగా వచ్చి పలుపు పట్టుకుని ఎద్దులను ఆపేసింది. మొహమంతా గుంటలు గుంటలుగా స్ఫోటకం మచ్చలు. "ఎక్కడా రానియ్యలేదా? ఇటు తోలుకురా అబ్బాయ్. గది ఊడ్చే ఉంది" అంది. నేను దిగి చూశాను. మట్టి గోడల గది, అలికిన నేల, చిన్న తలుపు, నులక మంచం. పొయ్యి ఎక్కడో పెరట్లో ఉంది. చీకటి, చల్లదనం, దుమ్మన్నది లేదు. డాక్టరమ్మ చెప్పి కట్టించినట్టే ఉంది. ఆమె చేతులు పట్టుకున్నాను. అద్దె ఎంతని అడిగితే గయ్యిమంది.

"ఈ గదికి అద్దేంది పిల్లా. నాకెప్పుడో పోసి పోయింది, మళ్లీ రాదు. నేను చూసుకుంటా. లోపలాయనకి పోసి ఎన్నాళ్లయింది?"

అప్పుడు వెనక్కి తిరిగి ఆమె నిలబడ్డ చోటు నుంచి మా బండిని చూశాను. ముందూ వెనకా వేపమండలు. లోపల చీకట్లో, వేపాకు మీద, మొహం చుట్టి తెల్లగుడ్డ కప్పుకుని పడుకున్న మనిషి. మా బండిలో మశూచి ఉందని ఊరు ఊరంతా అనుకుంది. ఆ జబ్బును పేరు పెట్టి అనడానికి భయం కాబట్టి ఒక్కరూ విప్పి చెప్పలేదు. వేపమండ కట్టిన గుమ్మం కనపడితే మేము కూడా పక్క సందులో నుంచి పోయేవాళ్లమే, కిరస్తానీలమైనా అంతే. ఈగల బాధలో పడి, మన చేత్తో కట్టుకున్న మండలు చూసేవాళ్లకు ఏమవుతాయో మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

చినుకులు మొదలయ్యాయి. నేను నోరు మెదపలేదు. పోసిందనుకుంటేనే గది దొరికేట్టుంటే అలాగే అనుకోనీ అని, గూట్లోకి చెయ్యి పెట్టి నాయన కాలు గట్టిగా నొక్కాను. ఆయనకు అర్థమైంది. అర్థమై కూడా చెప్పేశాడు.

"అక్కా, నాకు ఒంటి మీదేం పొయ్యలేదు. కంటికి ఆపరేషన్ చేశారు. మండలు ఈగలకి కట్టుకున్నాం."

ఆమె దగ్గరికి వచ్చి నాయన చేతులూ, మెడా, అరికాళ్లూ తడిమి చూసింది. ఎక్కడా పొక్కు లేదు. గడ్డి మోపు మీద కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ చెప్పింది. ఎప్పుడో నూజెండ్లలో పుట్టింటి నుంచి వస్తూ దారిలో ఆమెకూ, చంకలో బిడ్డకూ పోసిందట. ఈ ఊళ్లో ఒక్క తలుపూ తెరవలేదట. వానలో, ఈ రోడ్డు మీదే, బండి కింద తలదాచుకుని ఉండగానే బిడ్డ పోయాడట. తను బతికి, ఇక్కడే ఉండిపోయి, గడ్డి అమ్ముకుని ఈ గది వేసింది, అలా వచ్చే వాళ్ల కోసమని. "రోజూ ఊడుస్తా. ఇప్పటిదాకా ఒక్కరూ రాలా. మీరే మొదలనుకున్నా" అంది.

ఆ గొంతులో ఉన్నది కోపమో బాధో నాకు తెలియలేదు. నాయన మాత్రం చిన్నాయనను బండి తిప్పమన్నాడు. ఆమె గది ఆమె అనుకున్న వాళ్లకే ఉండాలి అన్నాడు. వానలో ఎక్కడికి పోతాం, ఉన్న కన్ను పోగొట్టుకుంటావా అని నేను మొత్తుకున్నాను. చిన్నాయన పలుపు పట్టుకుని ఎవరి మాట వినాలో తెలియక నిలబడ్డాడు. ఇంతలో ఆమే లేచింది.

"దిగండి. ఇంకా ఎవరూ రాలేదుగా. వస్తే మాత్రం లెయ్యాలి."

"లేస్తానక్కా" అన్నాడు నాయన.

మర్నాడు పొద్దు పొడిచినా వాన వదల్లేదు. పగలంతా ముసురు, కదిలే వీలు లేదు. నాయన చీకట్లో వెల్లకిలా పడుకున్నాడు, నేను తలుపు పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద చక్రాల చప్పుడు వినపడినప్పుడల్లా ఆమె గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలోకి పోయేది. ప్రతి బండిలోకీ తొంగి చూసేది. నేను కళ్లు గట్టిగా మూసుకుని, ప్రభువా, ఇది ఆగకుండా పోవాలి అని గొణుక్కుంటూ ప్రార్థించేదాన్ని. బండి పోయేది. ఆమె తడిసి తిరిగి వచ్చేది. నేను ఊపిరి పీల్చుకునేదాన్ని.

మధ్యాహ్నం ఒక బండి ఆగింది. వాకిట్లోనే ఆగింది. ఎవరో ఆడమనిషి మాటలు వినపడుతున్నాయి. నాయన అప్పటికే లేచి కూర్చుని కాళ్లు కిందికి దించి చెప్పుల కోసం నేల మీద వెతుకుతున్నాడు. గబుక్కున లేవొద్దన్నారు నాయనా అని భుజాలు పట్టుకుంటే నా చేతులు తీసేశాడు. ముసలామె తలుపు దగ్గరికి వచ్చింది. చుట్టకు నిప్పు అడగడానికి ఆగారట. నిప్పుపిడక పట్టుకుని పోయింది. నేను ఆయనను మళ్లీ పడుకోబెట్టాను. కట్టు కదల్లేదు. తర్వాత మా ఊళ్లో కట్టు విప్పిన రోజు ఆయన నన్ను గొంతు వినకుండానే పోల్చుకున్నాడు. కానీ ఆ మధ్యాహ్నం ఆ సంగతి ఎవరికి తెలుసు.

"ఇందాకట్నుంచి ఏందమ్మా ప్రార్థన చేస్తున్నావు?" అన్నాడు.

బండి ఏదీ ఆగకూడదని అడుగుతున్నానని చెప్పాను.

"నువ్వు ఆగొద్దని అడుగుతున్నావు. ఆ బండ్లో వాళ్లేమని అడుగుతుంటారో" అన్నాడు.

ఇంతలో మళ్లీ దూరంగా చక్రాల చప్పుడు. ఆమె గోనెసంచి కప్పుకుని బయటికి పోయింది. నేను అలవాటుగా కళ్లు మూసుకున్నాను. ఏమని అడగాలో తెలియలేదు.